పదకొండూ అయిదుకి మొదలైన అయస్కాంత క్షేత్రం

గోస్తనీ విశ్వవిద్యాలయంలో అయస్కాంతాల మీద ఆంక్షలు రావడానికి కారణం రిజిస్ట్రారు గారి చేతి గడియారం. పెళ్ళిలో మామగారు పెట్టిన కీ గడియారం అది. ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు ఆగిన పాపాన పోలేదు. ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళ ప్రదర్శన ప్రారంభించడానికి వెళ్ళి, విద్యార్థులు తయారుచేసిన పెద్ద విద్యుదయస్కాంతం మీద చెయ్యి ఆనించి ఆయన ఫొటోకి నిలబడ్డారు. ఫొటో బాగా వచ్చింది. గడియారం ఆగిపోయింది. వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది.

"ప్రాంగణ పరిధిలో వంద గౌసులకు మించిన అయస్కాంత క్షేత్రమును స్వయముగా గాని, ఇతరుల ద్వారా గాని, ఏ రూపేణానైనను ఉత్పన్నము చేయువారును, అట్టి ఉత్పత్తితో సంబంధము గలవారును, అయస్కాంత భద్రతా సంఘముచే ఉమ్మడి తనిఖీ జరిపించుకొని, ముగింపు ధ్రువపత్రము దాఖలు చేయవలెను" అని అందులో ఉంది. గౌసు అంటే అయస్కాంత బలానికి కొలత, బియ్యానికి కిలోలాగ. సర్క్యులర్ అన్ని విభాగాల నోటీసు బోర్డుల మీదా అతికించారు. తెలుగు శాఖ బోర్డు మీద కూడా అతికించారు. అక్కడివాళ్ళు చదివి, తమకేమీ సంబంధం లేదని లిఖితపూర్వకంగా తెలియజేశారు.

చదవనిది బెవర హైమావతి ఒక్కతే. భౌతికశాస్త్ర విభాగంలో ఆమెది ఆరో ఏడు పరిశోధన. జూన్ ముప్పై సాయంత్రం అయిదులోపు సిద్ధాంత గ్రంథం సమర్పించకపోతే ఆమె రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది. ఆరేళ్ళ పని చెత్తబుట్టలోకి వెళ్తుంది. నోటీసు బోర్డులు చూసే తీరిక ఆమెకెక్కడిది?

ఆమె పనేమిటో రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. బంగారం పరమాణువు నడిమధ్యన ఉండే గింజను కేంద్రకం అంటారు. ఎక్కడో దూరదేశంలో ఆ కేంద్రకాలను కాంతి వేగానికి కాస్త తక్కువగా పరిగెత్తించి ఒకదాన్నొకటి గుద్దిస్తారు. ఇరుకు వంతెన మీద రెండు బస్సులు పక్కలు రాసుకుంటూ పోయినట్టు ఆ రెండూ ఒరుసుకుని పోతే, ఆ మధ్యలో మహా బలమైన అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు పెడితే అన్ని గౌసులు. పుట్టిన క్షణంలోనే పోతుంది. క్షణం అన్నది కూడా పెద్దమాటే. ఒక సెకనుని ఒకటి పక్కన ఇరవైమూడు సున్నాలు పెట్టి భాగించాలి. ఆ గుద్దుకోవడంలో పుట్టే వేడి పదార్థానికి విద్యుత్తును మోసే గుణం ఉంటుంది కనక, దానిలో ఆ క్షేత్రం ఇంకాస్త ఎక్కువసేపు నిలుస్తుందని హైమావతి లెక్క కట్టింది. ఆ ఇంకాస్త ఎంతో తేల్చడానికే ఆరేళ్ళు పట్టింది. మధ్యలో ఒక మైనస్ గుర్తు తప్పు పడితే దాన్ని పట్టుకోడానికి ఏడు నెలలు. పనంతా విభాగం లాబులో ఒక పాత కంప్యూటరు మీద జరిగింది.

జూన్ పదో తేదీన ఆమె అయిదు ప్రతులు చంకనపెట్టుకుని పరీక్షల విభాగానికి వెళ్ళింది. సూపరింటెండెంటు కింతాడ సింహాద్రి మొదటి పేజీ తిప్పి, కళ్ళజోడు పైకి జరిపి, "ఏటమ్మా, ఇది అయస్కాంతమే కదా?" అన్నాడు.

"అయస్కాంత క్షేత్రమండి. నేను లెక్క మాత్రమే కట్టాను."

"ఎన్ని గౌసులు?"

ఆమె చెప్పింది. సింహాద్రి సొరుగులోంచి తనిఖీ దరఖాస్తు తీశాడు. అందులో బలం రాయడానికి ఆరు గడులే ఉన్నాయి. ఆరింట్లో పట్టదని హైమావతి అంది. సింహాద్రి ఇంకో కాగితం కత్తిరించి, జిగురు రాసి పక్కన అతికించి, స్కేలుతో మరో పదమూడు గడులు గీసి, అతుకు మీద సంతకం పెట్టి ముద్ర వేశాడు.

"సింహాద్రి గారూ, ఇక్కడ అయస్కాంతం ఏదీ పుట్టలేదండి. ఆ గుద్దుకోవడాలు వేరే దేశంలో జరుగుతాయి."

"సంబంధము గలవారు అని రాసుందమ్మా. మీకు సంబంధం ఉందా లేదా? లేదంటే సెప్పండి, లేదని రాసుకుంటాను. అప్పుడు ఈ పుస్తకంతో కూడా మీకు సంబంధం లేనట్టే."

సింహాద్రి చెడ్డవాడు కాదు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఎవరి కాగితమూ పోగొట్టలేదు. ఏ కాగితాన్నీ తొందరపెట్టనూ లేదు. హైమావతి పంతొమ్మిది గడులూ నింపి ఇచ్చింది.

పదిహేనో తేదీన భద్రతా సంఘం సమావేశమైంది. అధ్యక్షులు రిజిస్ట్రారు గారు. ఆయన ఎడమ మణికట్టు మీద గడియారం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ ఉంది. సభ్యులు ఎస్టేటు ఇంజనీరు ధర్మలింగం, సింహాద్రి. హైమావతి గైడు భాష్యకారాచార్యులు గారిని వివరణ కోసం పిలిచారు. ఆచార్యులు గారు నెమ్మదస్తులు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే తమ మాట మింగేసుకునే రకం.

ధర్మలింగం ముందు అడిగాడు. "ఈ క్షేత్రానికి సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? స్విచ్చి ఎక్కడ పెట్టారు?"

"స్విచ్చి ఉండదండి. దానంతటదే ఆరిపోతుంది" అన్నారు ఆచార్యులు గారు.

"స్విచ్చి లేనిదాన్ని నా పరిధిలోకి ఎలా రానివ్వమంటారు?"

"ఆగండి" అన్నారు రిజిస్ట్రారు గారు. "చిన్న ఎగ్జిబిషన్ అయస్కాంతం సృష్టించిన నష్టం అందరికీ విదితమే. దీని బలం దానికి ఎన్ని రెట్లు, ఆచార్యా?"

ఆచార్యులు గారు చెప్పారు. రిజిస్ట్రారు గారు చెయ్యి బల్ల కిందకి దించుకున్నారు.

"అయితే అది ఉండేది సెకనులో అతి సూక్ష్మమైన భాగమేనండి" అని ఆచార్యులు గారు నీళ్ళు నమిలారు.

"కాలవ్యవధి స్వల్పమైనంత మాత్రమున నిబంధన స్వల్పము కాజాలదు. సంఘ సభ్యులందరూ సకాలంలో హాజరు కావలెను. అంతే."

ఆ తర్వాత "బంగారు కేంద్రకాలు" అన్న మాట చూసి, ఆ బంగారం ఎక్కడ ఉంచారని సింహాద్రి అడిగాడు. బంగారం లేదని హైమావతి చెప్పింది. లేనిది లేదని రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టింది. ఆ రోజు సంఘం మొత్తంమీద తేల్చిన నిజం అదొక్కటే.

తనిఖీ జూన్ పద్దెనిమిదిన పదకొండు గంటలకు, హైమావతి కంప్యూటరు దగ్గరేనని నిర్ణయించారు. ముందురోజే ప్రాంగణంలో ఏర్పాట్లు మొదలయ్యాయి. లాబు చుట్టూ వంద గజాల లోపల సైకిళ్ళు తీయించేశారు. కాంటీను గిన్నెలు ఇనుపవని ఎవరో అనుమానం పడితే, ఆ పూట ఇడ్లీలు విస్తళ్ళలో పెట్టారు. ఉడకబెట్టింది ఎందులోనో ఎవరూ అడగలేదు. హైమావతి బల్ల చుట్టూ నాలుగు కర్రలు పాతడానికి గచ్చులో కుదరక, నాలుగు ఇసుక బక్కెట్లలో నిలబెట్టి ఎర్ర రిబ్బను కట్టారు. దానికి పుర్రె బొమ్మ ఉన్న బోర్డు వేలాడదీశారు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర నుంచి తెచ్చింది కాబట్టి దాని మీద "పదకొండు వేల వోల్టులు" అని ఉంది. అంకె చాలా తక్కువగా ఉందని హైమావతి అనుకుంది గాని బయటికి అనలేదు.

తనిఖీ రోజున ధర్మలింగం ఒక దారానికి మేకు కట్టుకొచ్చాడు. సింహాద్రి ఉమ్మడి తనిఖీ రిజిస్టరు తెచ్చాడు. ఈ రిజిస్టరుకి విశ్వవిద్యాలయంలో ఒక పద్ధతుంది. పంపు వేసినా, గోడ కట్టినా, బావి పూడ్చినా, మొదలైన వేళా ముగిసిన వేళా కళ్ళారా చూసి ముగ్గురూ సంతకం పెట్టాలి. చూడనిదాని మీద సంతకం పెట్టి ఒకప్పుడొక ఇంజనీరు సస్పెండయ్యాడు. అప్పటినుంచి ఎవరూ చూడనిదాని మీద పెట్టరు. పెట్టమంటే వణికిపోతారు.

కొబ్బరికాయ కొట్టారు. టీ తాగారు. రిజిస్ట్రారు గారు గుమ్మం దగ్గరే నిలబడి, "ఇక కానివ్వండి" అన్నారు.

హైమావతి మీట నొక్కింది. తెరమీద ఒక గీత నిటారుగా లేచి, పడిపోయి, కింద గీతలో కలిసిపోయింది.

"పదకొండూ అయిదు. మొదలు" అని సింహాద్రి రాసుకున్నాడు. ధర్మలింగం మేకు పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. మేకు కదల్లేదు. అయిదు నిమిషాలు గడిచాయి.

"ముగిసిందండి" అంది హైమావతి.

"ఎప్పుడు?" అని ముగ్గురూ ఒక్కసారే అడిగారు.

"మొదలైనప్పుడే."

"నేను చూడలేదు" అన్నాడు ధర్మలింగం. "మేకులో మార్పు లేదు. ముందెలా ఉందో అలాగే ఉంది. ఆగినట్టు నాకేమీ కనపడలేదు."

"నానూ సూళ్ళేదమ్మా" అన్నాడు సింహాద్రి బాధగా. "రిజిస్టరులో నిమిషాల గడే ఉంది. మొదలూ ముగింపూ ఒకే నిమిషంలో రాస్తే ఆడిట్ వాళ్ళు నన్ను బతకనిస్తారేటి?"

రిజిస్ట్రారు గారు గొంతు సవరించుకుని తీర్పు చెప్పారు. "ప్రారంభమైనది సంఘము చూచినది. ముగిసినది ఎవరును చూడలేదు. ముగిసినట్లు చూడనిదానిని కొనసాగుచున్నట్లే భావింపవలెను. పరిస్థితి మారువరకు కంప్యూటరు ఆపరాదు. కంచె తీయరాదు."

"ఇంకోసారి నడిపి చూపిస్తానండి" అంది హైమావతి.

"అది రెండో క్షేత్రం అవుద్దమ్మా" అన్నాడు సింహాద్రి. "దానికి వేరే దరఖాస్తు పెట్టాలి. మొదటిది ముగిస్తే గాని రెండోది తీసుకోడానికి లేదు."

అలా ముగింపు ధ్రువపత్రం రాలేదు. వారం రోజులపాటు హైమావతి ఆఫీసుల చుట్టూ తిరిగింది. ధర్మలింగాన్ని అడిగితే మేకు కదిలితే సంతకం పెడతానన్నాడు. రిజిస్ట్రారు గారిని అడిగితే ధర్మలింగం పెడితే తానూ పెడతానన్నారు. ఈలోగా లాబులో కొత్త చిక్కొకటి వచ్చింది. కంచె లోపలికి అడుగు పెట్టకూడదు కనక తన బల్ల దగ్గరికి తానే వెళ్ళలేకపోయింది. సొరుగులో టిఫిన్ డబ్బా ఉండిపోయింది. పద్దెనిమిదో తేదీన తెచ్చుకున్న పులిహోర. మూడో రోజుకి ఆ వాసన చూసి విభాగంలో వాళ్ళు క్షేత్రం నిజంగానే ఉందేమోనని అనుమానపడసాగారు.

ఇరవై ఎనిమిదో తేదీ మధ్యాహ్నం సింహాద్రి ఆమెను తనే కబురుపెట్టి పిలిపించాడు. సర్క్యులర్‌ని నాలుగుసార్లు చదివి ఒక దారి కనిపెట్టానన్నాడు.

"ముగిసిన క్షేత్రానికి ముగింపు ధ్రువపత్రం కావాలి. ముగియనిదానికి కొనసాగింపు ధ్రువపత్రం ఇవ్వొచ్చు. అది నా సంతకంతోనే అయిపోద్ది. అది పెడితే మీ పుస్తకం తీసేసుకుంటాను."

"అయితే ఇప్పుడే ఇచ్చెయ్యండి!"

"ఎలగ ఇస్తానమ్మా? మీ పుస్తకం నాలుగో పేజీలో క్షేత్రం ఎంటనే పోయిందని రాసుకున్నారు. రిజిస్టరులో పోలేదు. పోయిందని మీరే అంటావుంటే పోలేదని నానెలగ సంతకం పెడతాను? రెండూ మన యూనివర్సిటీ కాగితాలే. రెండూ ఒకే మాట సెప్పాలి. ఆ నాలుగో పేజీ సరిదిద్దుకొచ్చెయ్యండి."

హైమావతికి ఏడుపొచ్చింది. ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. ఆ నాలుగో పేజీలో అంకె కోసమే ఆమె ఆరేళ్ళు బతికింది. అన్నయ్య పెళ్ళికి ముహూర్తం వేళకి వెళ్ళి భోజనాలు కాకుండానే వచ్చేసింది. అంకె మారిస్తే ఇంకేం మిగులుతుంది? మార్చకపోతే అసలేమీ మిగలదు. ఆ రెండింటి మధ్యా నలిగిపోతూ ఆచార్యులు గారి గదికి వెళ్ళింది.

జరిగింది విని ఆయన నాలుగో పేజీ తీసి మరోసారి చదివారు. "అంకె మార్చొద్దమ్మాయ్" అన్నారు చివరికి. "అంతవరకే చెప్పగలను. ఆ పైన ఏం చెయ్యాలో నాకూ తోచటం లేదు."

మర్నాడు ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఆమె తన గ్రంథాన్ని మొదట్నుంచీ తిరగేసింది. నాలుగో పేజీలో అంకె ఉంది. ఆ అంకెకి ఆధారం ఎనభై ఒకటో పేజీలో పట్టిక. ఏ మాధ్యమంలో క్షేత్రం ఎంతసేపు నిలుస్తుందన్నది దాని శీర్షిక. మొదటి వరసలో శూన్యం. అక్కడ అన్నిటికంటే తొందరగా పోతుంది. రెండో వరసలో వేడి పదార్థం. అక్కడ కాస్త నిదానంగా పోతుంది. ఆమె ఆ పట్టికను చూస్తూ చూస్తూ, వేలు మీట మీద ఆనించి, మూడో వరస ఒకటి చేర్చింది. "గోస్తనీ విశ్వవిద్యాలయం, పరిపాలనా విభాగం. ఉమ్మడి తనిఖీ రిజిస్టరు ప్రకారం. ఇరవై తొమ్మిది జూన్ నాటికి పదకొండు రోజులు. ఇంకా తగ్గుదల కనపడలేదు." నాలుగో పేజీలో అంకెని కదపకుండా, దాని పక్కన "రిజిస్టరు లెక్కకు ఎనభై ఒకటో పేజీ చూడుము" అని చేర్చింది.

ఆచార్యులు గారు వంగి చూశారు. "ఇది అబద్ధం కాదూ?"

"కాదు సార్. రిజిస్టరు ప్రకారం అన్నాను. రిజిస్టరులో అలాగే ఉంది. నకలు కూడా అనుబంధంలో పెడతాను, ముద్రతో సహా."

ఆచార్యులు గారు కళ్ళజోడు తీసి నవ్వారు. ఆరేళ్ళలో ఆయన పళ్ళు ఆమె చూడటం అదే మొదటిసారి.

ముప్పయ్యో తేదీ సాయంత్రం నాలుగూ నలభైకి సింహాద్రి పట్టికలో మూడో వరసను వేలు పెట్టి చదివాడు. రిజిస్టరుతో పోల్చుకున్నాడు. "ఇప్పుడు సరిపోయింది" అని తృప్తిగా తలాడించి, కొనసాగింపు ధ్రువపత్రం మీద సంతకం పెట్టి, అయిదు ప్రతులూ తీసుకుని రసీదు ఇచ్చాడు. ఆ రసీదు పట్టుకుని హైమావతి మెట్ల మీద కూర్చుండిపోయింది.

గ్రంథం పరీక్షకులకు వెళ్ళింది. డిసెంబరులో మౌఖిక పరీక్ష పెట్టారు. పై ఊరి నుంచి వచ్చిన పరీక్షకురాలు జుట్టంతా నెరిసిన పెద్దావిడ. చేతిలో పెన్సిలు తప్ప కాగితం లేదు. తమ కార్యాలయం పేరు ఒక విజ్ఞానశాస్త్ర గ్రంథానికి ఎక్కిందని తెలిసి రిజిస్ట్రారు గారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆవిడ రెండు గంటలు ప్రశ్నలు అడిగింది. మైనస్ గుర్తు దగ్గర కూడా ఆగి అడిగింది. హైమావతి దేనికీ తడుముకోలేదు.

"చివరి ప్రశ్నమ్మా" అంది ఆవిడ. "ఈ మూడో వరస. శూన్యంలో నిలవలేదు, అంతటి వేడి పదార్థంలోనూ నిలవలేదు. ఈ మాధ్యమంలో మాత్రం అసలు తగ్గనే లేదంటున్నావు. దీనికి అంత గుణం ఎక్కడిది? విద్యుత్తు బాగా ప్రవహిస్తుందా ఇందులో?"

"లేదండి" అంది హైమావతి. "ఇందులో ఏదీ ప్రవహించదు. అందుకే ఏదీ పోదు."

రిజిస్ట్రారు గారు గర్వంగా తల పంకించారు. పెద్దావిడ పెన్సిలుతో గ్రంథం అంచున ఏదో రాసుకుని, మొహం చాలాసేపు పైకెత్తలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. తర్వాత లేచి, పట్టా ఇవ్వవచ్చునని ప్రకటించింది.

మర్నాడు హైమావతి పట్టా కాగితం తీసుకోడానికి వెళ్ళింది. పై వారం వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరాలి. సింహాద్రి అప్పగింతల పత్రం ముందు పెట్టాడు. గ్రంథాలయం పుస్తకాలు అప్పగించింది. లాబు తాళంచెవి అప్పగించింది. గుర్తింపు కార్డు అప్పగించింది.

"మరి క్షేత్రం?" అన్నాడు సింహాద్రి.

"ఏ క్షేత్రం?"

"పదకొండూ అయిదుది. మీ పేరు మీద నడస్తంది కదమ్మా. ఎవరికి అప్పగిస్తన్నారు?"

ఆచార్యులు గారు అక్టోబరులోనే రిటైరయ్యారు. ధర్మలింగం తన మేకుతో సహా సెలవులో ఉన్నాడు. పుచ్చుకునేవాళ్ళు లేనిదే అప్పగింత పూర్తికాదు. అది పూర్తికానిదే పట్టా లేదు. ఇంతదాకా వచ్చి ఇక్కడ ఆగిపోతానా అనుకుంది హైమావతి. మొహం పక్కకి తిప్పుకుంది.

సింహాద్రి ఆమెను చూశాడు. కిటికీలోంచి లాబు వైపు చూశాడు. అక్కడ ఎర్ర రిబ్బను ఎండకి వెలిసి గులాబీ రంగు తేలింది. కలం మూత తీసి, పుచ్చుకున్నవారు అన్న చోట తన పేరు రాసి, పైన ఇలా రాశాడు: "ఒక అయస్కాంత క్షేత్రము, నడుచుచున్న స్థితిలో, అందినది."

ముప్పై రెండేళ్ళలో అతను చూడనిదాని మీద సంతకం పెట్టడం అదే మొదలు.

"పర్లేదమ్మా, నాను సూసుకుంటాను. మీరెళ్ళిపోండి" అని పట్టా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె గుమ్మం దాటుతుంటే మళ్ళీ పిలిచాడు. "ఒక్క మాట. ఇది ఆరిపోకుండా ఉండాలంటే రోజూ నానేటైనా సెయ్యాలా?"

"ఏమీ చెయ్యకూడదండి" అంది హైమావతి, కళ్ళు తుడుచుకుంటూ.

"అయితే మరి బెంగ లేదు" అన్నాడు సింహాద్రి. "మా ఆఫీసంతా కలిసి సేస్తాం."